వీల్ లోడర్ ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్: ఆయిల్ నిజంగా కాగుతోందా, సెన్సర్ తప్పు చెబుతోందా?

లోడర్_బే
టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది), నాలుగు స్పీడ్ల పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్ (లోపలి క్లచ్‌లను ఆయిల్ ప్రెషర్‌తో పట్టించి గేర్లు మార్చేది) ఉన్న బండి. మొదటి 40 నిమిషాలు 85 డిగ్రీల దగ్గరే ఉంటుంది. గుట్టలోకి బకెట్ తోసే పని మొదలయ్యాక మెల్లగా 115 దాకా ఎక్కుతోంది. ఇది కాక, గతుకుల్లో నడిపితే ముల్లు ఒక్కసారిగా ఎర్ర గీత దాటి, బజర్ మోగి, రెండు సెకన్లలో మళ్ళీ మామూలవుతోంది. కంట్రోలర్ మెమరీలో ఫాల్ట్ కోడ్‌గా ఎస్‌పీఎన్ 177 (లోపం దేనిలోనో చెప్పే అంకె), ఎఫ్‌ఎంఐ 4 (లోపం ఏ రకమో చెప్పే అంకె) ఉంది. సెన్సర్ కొత్తది వేసినా అంతే. ఎక్కడ మొదలుపెట్టాలి?

హార్నెస్_పని
మీ బండిలో ఉన్నది ఒక లోపం కాదండి, రెండు. విడివిడిగా చూడకపోతే పార్టులు మారుస్తూనే ఉంటారు. గేర్‌బాక్స్‌లో ఉన్న అంత ఆయిల్ క్షణంలో వేడెక్కి రెండు సెకన్లలో చల్లారడం జరగని పని. ఆ దూకుడు వైరింగ్‌ది. పనితో పాటు మెల్లగా ఎక్కేది మాత్రం నిజమైన వేడే.

177 అంటే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ టెంపరేచర్. ఎఫ్‌ఎంఐ 4 అంటే సిగ్నల్ వోల్టేజి మరీ కిందికి పడింది, అంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఎన్‌టీసీ సెన్సర్‌లో వేడి పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది కాబట్టి, షార్ట్ అయితే విపరీతమైన వేడిలా కనిపిస్తుంది. అదే వైరు తెగితే వోల్టేజి 5 దగ్గరికి లేచి ఎఫ్‌ఎంఐ 3 వస్తుంది, రీడింగ్ గడ్డకట్టే చలి చూపిస్తుంది.

కీ ఆఫ్ చేసి సెన్సర్ కనెక్టర్, కంట్రోలర్ కనెక్టర్ రెండూ విప్పండి. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి ఒక ప్రోబ్ సిగ్నల్ వైరుకి, ఇంకోటి ఛాసిస్‌కి పట్టుకుని, ఇంకొకరిని హార్నెస్ (వైర్ల కట్ట) పొడవునా కదిలించమనండి. రీడింగ్ ఎక్కడ పడితే అక్కడే లోపం. కన్వర్టర్ హౌసింగ్ దగ్గర క్లిప్పులు ఊడదీసి వైరు అడుగు వైపు చూడండి. పైనుంచి కొత్తదిలా ఉన్నా, బ్రాకెట్ అంచు రాసుకునే చోట ఇన్సులేషన్ గోరంత మేర అరిగి రాగి బయటపడి ఉంటుంది.

గేజ్‌ని కూడా పరీక్షించవచ్చు. సెన్సర్ బదులు, మాన్యువల్ పట్టికలో ఒక టెంపరేచర్‌కి ఇచ్చిన ఓమ్స్ విలువ ఉన్న రెసిస్టర్ పెట్టండి. డిస్‌ప్లే అదే టెంపరేచర్ చూపిస్తే వైరింగ్, కంట్రోలర్ రెండూ బాగున్నట్టే.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం పిన్నులకు పచ్చ చిలుము పట్టడం. అది రెసిస్టెన్స్ పెంచుతుంది, గేజ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. బజర్ మోగదు, లోపల క్లచ్ ప్లేట్లు మాడిపోతుంటాయి.

కూలర్_లైన్
వేడి సంగతికొస్తే, ముందు గేజ్‌ని నమ్మకుండా మీరే కొలవండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని మెరిసే లోహం మీదికి పెడితే తక్కువ చూపిస్తుంది. కన్వర్టర్ అవుట్‌లెట్ ఫిట్టింగ్ మీద కాస్త మ్యాట్ నల్ల పెయింట్ వేసి, దాని మీద కొలవండి.

లోడ్ మీద ఉన్నప్పుడు కూలర్‌లోకి వెళ్ళే పైపు, బయటికొచ్చే పైపు రెండూ చూడండి. తేడా బాగా తక్కువగా ఉంటే గాలి వైపు మూసుకుపోయినట్టు. తేడా బాగా ఎక్కువ ఉండి కూడా కాగుతుంటే ఆయిల్ సరిగా పారడం లేదు: సక్షన్ స్ట్రెయినర్, పంపు, ఇరుక్కున్న బైపాస్ వాల్వ్ చూడాలి.

ఆయిల్ లెవెల్ ఎలా చూశారో రాయలేదు. చాలా పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సుల్లో ఇంజిన్ ఐడిల్‌లో, న్యూట్రల్‌లో, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే చూడాలి. ఆపి చూసి ఫుల్ అనుకుంటే నడిచేటప్పుడు తక్కువ పడుతుంది. ఎక్కువ పోసినా గేర్లు చిలికి నురగ లేపుతాయి, అదీ వేడే. ఇంకోటి, రెండో గేర్‌లో గుట్టలోకి తోయనివ్వకండి. చక్రాలు ఆగి కన్వర్టర్ స్టాల్ అయితే ఇంజిన్ ఇచ్చే పవరంతా ఆయిల్‌లోకి వేడిగానే దిగుతుంది.

లోడర్_బే
షార్ట్ దొరికింది, రెండో క్లిప్పు కిందే. కూలర్‌లోకి 112, బయటికి 108. లెవెల్ ఐడిల్‌లో చూస్తే సరిగానే ఉంది.

కూలర్_లైన్
నాలుగు డిగ్రీల తేడా అంటే గాలి వైపే. బయటి ఫిన్లు శుభ్రంగా ఉన్నాయని ఆగిపోవద్దు, ఏసీ కండెన్సర్, హైడ్రాలిక్ కూలర్ వెనక దుమ్ము, నూనె కలిసి దిండులా పేరుకుంటుంది. వాటిని ఊడదీసి, గాలి మామూలుగా వచ్చే దిక్కుకి ఎదురుగా, ఫిన్లకు నిటారుగా కొట్టండి. ఏటవాలుగా కొడితే ఫిన్లు వంగి మళ్ళీ మూసుకుంటాయి. ఫ్యాన్ బెల్టు లేదా ఫ్యాన్ మోటార్ స్పీడు కూడా చూడండి.

హార్నెస్_పని
ఇంత కాగింది కాబట్టి ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి. ఆయిల్ మాడు వాసన వేసి, నల్లటి పొడి ఉంటే ప్లేట్లు అరుగుతున్నాయి. పాలలా తెల్లబడి ఉంటే మీ కూలర్ రేడియేటర్ ట్యాంకులో ఉండే రకమేమో చూడండి, కూలెంట్ కలుస్తుండొచ్చు. అలా అయితే ప్లేట్ల అంటు ఊడిపోతుంది, బండి నడపకండి. ఇవేమీ లేకపోతే ఆయిల్, ఫిల్టర్ మార్చాక స్టాల్ టెస్ట్ చెయ్యండి, అంటే చక్రాలు కదలకుండా గేర్‌లో ఫుల్ రేజ్ ఇచ్చి ఇంజిన్ ఎంత ఆర్‌పీఎం దాకా వెళ్తుందో చూడడం. బ్రేకులు పట్టి, ముందు ఎవరూ లేకుండా, 30 సెకన్లు దాటకుండా. తర్వాత న్యూట్రల్‌లో పెట్టి ఆర్‌పీఎం కాస్త పెంచి చల్లారనివ్వండి. మాన్యువల్ అంకె కంటే ఆర్‌పీఎం ఎక్కువ వస్తే క్లచ్ జారుతోంది.