పాత పొగాకు కంపెనీ హాలు కూల్చేయాలా, ఉంచాలా? గుంటూరు వాళ్లు చెప్పండి

మూడోలైను_కుర్రాడు

మా ఇంటికి నాలుగు వీధుల అవతల, జీటీ రోడ్డు వైపు ఒక పాత పొగాకు కంపెనీ ఉంది. మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. పేరు ఇక్కడ రాయను. పోయిన వారం గేటుకి బిల్డర్ ఫ్లెక్సీ కట్టారు. పైన అపార్ట్‌మెంట్లు, కింద షాపులట. సంక్రాంతి వెళ్లగానే కూల్చేస్తారని వాచ్‌మన్ చెప్పాడు.

మా నాయనమ్మ అందులో పద్దెనిమిది సీజన్లు గ్రేడింగ్ చేసింది. చిన్నప్పుడు ఒకసారి ఆమెకి అన్నం క్యారేజీ ఇచ్చి రమ్మంటే లోపలికి వెళ్లాను. పొడుగాటి హాలు. వరసలు వరసలుగా ఆడవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు. ముక్కుకి చీర కొంగు బిగించి కట్టుకున్నారు. నాయనమ్మ ఎడమ పక్క కుప్పలోంచి ఒక ఆకు తీసి, ఈనె దగ్గర పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసి, ముందున్న నాలుగైదు కుప్పల్లో ఒకదాని మీద వేసేది. నిమ్మపండు రంగుది ఒకచోట, నారింజ రంగుది ఒకచోట, మచ్చ పడ్డది ఇంకోచోట. నేను క్యారేజీ పట్టుకుని నిలబడే ఉన్నాను, ఆ కాసేపట్లోనే ఎన్ని ఆకులు వేసిందో. ఆ ఘాటుకి నాకు కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. ఆమె చీరలు ఉతికి ఆరేసినా ఆ వాసన పోయేది కాదు.

ఈ ఊరు పెరిగిందే ఆ ఆకు మీద. సిగరెట్ కంపెనీ తరఫున ఆకు కొనే ఐఎల్‌టీడీ 1912లో మొదలైంది. 1920ల నుంచి వర్జీనియా పొగాకు ఇక్కడి పొలాల్లోకి వచ్చింది. పొగాకు బోర్డు 1976లో ఏర్పడితే దాని ప్రధాన కార్యాలయం గుంటూరులోనే పెట్టారు. ఇప్పుడు బయటివాళ్లకి గుంటూరంటే మిర్చి యార్డు ఒక్కటే తెలుసు.

నా మటుకు నాకు ఆ హాలు ఉండాలి. యజమానుల పేర్లతో సత్రాలున్నాయి, కల్యాణ మండపాలున్నాయి. మా నాయనమ్మ లాంటి వేలమంది ఆడవాళ్లు బతికినట్టు చెప్పేది ఆ హాలు తప్ప ఇంకేం లేదు. మీరేమంటారు?

వాటాదారు

బాబూ, ఫ్లెక్సీ అన్న మాట చూడగానే మా గోడౌన్ గురించేనని అర్థమైంది. అందులో ఏడుగురం వాటాదారులం, నేనొకణ్ని. కోర్టులో పదకొండేళ్లు నలిగి ఈ మధ్యే బయటపడ్డాం.

మీ నాయనమ్మగారి మీద నాకు గౌరవం ఉంది. కానీ చరిత్ర అందరిదీ కావచ్చు, ఆస్తి పన్ను నోటీసు మాత్రం మా పేరు మీదే వస్తోంది. వాచ్‌మన్ జీతం మాదే. మొన్న వానలకి వెనక ప్రహరీ రోడ్డు మీదికి పడింది. అర్ధరాత్రి కాబట్టి సరిపోయింది. అదే బడి వదిలే టైముకి పడి ఉంటే ఇవాళ నేను ఎక్కడ ఉండేవాణ్నో. రాత్రిళ్లు లోపల తాగుతున్నారు, పాములు తిరుగుతున్నాయి. ఇరవై ఏళ్లలో ఈ కట్టడం బాగుందా అని ఒక్కరూ అడగలేదు. అమ్మకానికి పెట్టాకే అందరికీ గుర్తొచ్చింది.

దస్తావేజుల ప్రకారం కట్టింది 1938లో. రక్షిత కట్టడం కావాలంటే 1958 నాటి కేంద్ర చట్టం వందేళ్లు నిండాలంటుంది. మేము చట్టం తప్పి ఏమీ చేయడం లేదు. మా అన్నయ్యకి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆయన వాటా డబ్బు ఆయనకి ఇప్పుడు కావాలి, 2038లో వందేళ్లు నిండాక కాదు.

సున్నం_ఇటుక

నేను సివిల్ ఇంజినీర్ని. పాత ఇళ్ల మరమ్మతు పనే ఎక్కువ చేస్తాను. ఈ కాంపౌండ్ లోపలికి వెళ్లలేదు కానీ ఇదే కాలం నాటి గోడౌన్లు రెండు దగ్గరుండి చూశాను. 'శిథిలం' అన్న మాట తొందరపడి వాడకండి.

ఆ రోజుల్లో గోడలు ఇటుక, గానుగ సున్నంతో కట్టేవాళ్లు. మందం రెండడుగులు ఉంటుంది. సున్నం గోడ తేమ పీల్చుకుంటుంది, ఎండకి వదిలేస్తుంది. తర్వాతెప్పుడో బాగుచేస్తున్నామనుకుని దాని మీద సిమెంటు పూత వేస్తారు. అక్కడి నుంచీ చెడుతుంది. తేమ బయటికి పోయే దారి లేక లోపలే ఉండి ఉప్పు పేలుతుంది, ఇటుక ముఖం పొడిగా రాలిపోతుంది. చూసినవాళ్లు గోడ కుళ్లిపోయిందంటారు. ఆ సిమెంటు ఒలిచేసి మళ్లీ సున్నం పూస్తే చాలా గోడలు నిలబడతాయి. గోడ సందుల్లో మొలిచే రావి మొక్కని పైపైన కోసి ఊరుకుంటే లాభం లేదు, వేరుదాకా తీసి ఆ సందు పూడ్చాలి.

ఇంకొకటి. మీ హాలు కప్పు రంపం పళ్లలా ఉందా? ఉత్తరం వైపు అద్దాలున్నాయా? ఉంటే అది సోకు కోసం పెట్టింది కాదు. ఉత్తరం వెలుతురు ఎండలా నేరుగా పడదు, పొద్దున్నించి సాయంత్రం దాకా పెద్దగా మారదు. ఆకు రంగు గుర్తుపట్టడానికి అలాంటి వెలుతురే కావాలి. మీ నాయనమ్మగారు ఆకు ఎత్తి చూశారన్నారు చూడండి, కట్టినవాడు ఆ చెయ్యి ఎత్తే పనిని లెక్కలోకి తీసుకునే కప్పు వేశాడు.

అలాగని అంతా ఉంచమనను. ఇలాంటి చోట్ల వెనక షెడ్లకి తరవాత వేసిన సిమెంటు రేకులు ఉంటాయి. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, పగలగొడితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. జాగ్రత్తగా విప్పించి తీసేయాల్సిందే. ముందున్న ఇటుక హాలు, ఆఫీసు గది ఉంచి, వెనక స్థలంలో కట్టుకోవచ్చేమో చూడండి. ఖర్చెంత అని నన్ను ఇప్పుడే అడగొద్దు. కొలవకుండా అంకె చెప్పేవాణ్ని నమ్మొద్దు కూడా.

నల్లపాడు_రోడ్డు

అందరూ గోడల గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మ ఆ కంపెనీలోనే పనిచేసింది. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు ఎన్నేళ్లు దుమ్ములో పనిచేశావమ్మా అని అడిగాడు.

కంపెనీ మూసిన రోజు గేటుకి తాళం వేసి ఉంది, అంతే. ఎవరూ ఏమీ చెప్పలేదు. గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసిన పనికి చివర్లో ఇచ్చే సొమ్ము, దాని చట్టం 1972లోనే వచ్చింది. ఏడాది పొడుగునా పని ఉన్నచోట ఏడాదికి పదిహేను రోజుల జీతం, సీజన్ పని అయితే సీజన్‌కి ఏడు రోజుల జీతం లెక్కగట్టి ఇవ్వాలని అందులో ఉండేది. అమ్మకి పైసా రాలేదు. లాయరు దగ్గరికి వెళితే ఇన్ని సీజన్లు చేసినట్టు కాగితం తెమ్మన్నాడు. కాగితం అమ్మ దగ్గరెక్కడుంటుంది?

అందుకే మూడోలైను తమ్ముడూ, ఏమీ అనుకోకు. నాకు ఆ హాలు మీద ప్రేమ లేదు. దాన్ని బాగుచేసి కాఫీ షాపు పెడితే, మా అమ్మ దగ్గుకుంటూ కూర్చున్నచోట ఎవరో వచ్చి ఫొటోలు దిగుతారు. అంతకంటే కూల్చి అమ్ముకుని, ఆ డబ్బులో మా వాళ్ల బాకీ తీర్చడం నయం.

మిషిగన్_గుంటూరోడు

నేను పుట్టింది అరండల్‌పేట, పదిహేనేళ్లుగా డెట్రాయిట్ పక్కన ఉంటున్నాను. ఇక్కడ ఈ గొడవ మనకంటే చాలా పాతది.

1950లో డెట్రాయిట్ జనాభా పద్దెనిమిదిన్నర లక్షలు. 2020కి ఆరు లక్షల నలభై వేలు. అంటే 2011 లెక్కల్లో మన గుంటూరు ఎంతో దాదాపు అంత. కార్ల ఫ్యాక్టరీలు పోయాయి, జనం శివార్లకి పోయారు, 2013లో నగరపాలక సంస్థే దివాలా తీసింది. మిషిగన్ సెంట్రల్ అని 1913లో తెరిచిన పెద్ద రైల్వే స్టేషన్ ఉంది. 1988లో ఆఖరి రైలు వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లు పాడుబడి నిలబడింది. 2018లో ఫోర్డ్ కంపెనీ కొని, బాగుచేసి 2024 జూన్‌లో తెరిచింది. తెరిచాక మా పిల్లల్ని తీసుకెళ్లాను. పైకప్పు చూస్తూ ఒక పెద్దాయన నిలబడి ఏడుస్తున్నాడు. ఇక్కడి నుంచే యుద్ధానికి వెళ్లానన్నాడు.

ఇంకో కట్టడం గురించి చెప్పాలి. 1926 నాటి సినిమా హాలు, మిషిగన్ థియేటర్. 1970ల్లో లోపల సీట్లూ మెట్లూ తీసేసి కార్ల పార్కింగ్ చేశారు. కారు ఆపి తల ఎత్తితే పైన పూలూ లతలూ చెక్కిన పాత కప్పు, సగం రాలిపోయి ఉంటుంది. ఉంచారా అంటే ఉంచారు. అలా ఉంచడం నాకు మాత్రం మనసుకి పట్టలేదు.

కానీ ఒక తేడా మర్చిపోవద్దు. ఇక్కడ మనుషులు వెళ్లిపోయి కట్టడాలు పాడుబడ్డాయి, స్థలానికి ధర పడిపోయింది. గుంటూరులో మనుషులు పెరుగుతున్నారు, గజం ధర పెరుగుతోంది. కట్టడం కంటే దాని కింది నేలే ఖరీదు. కాబట్టి ఇక్కడి మందు అక్కడ పనిచేయదు. ఫోర్డ్ లాంటివాళ్లు వస్తారని ఎదురుచూస్తే సంక్రాంతి వెళ్లిపోతుంది.

బెజవాడ_వన్‌టౌన్

మా దగ్గర బాపూ మ్యూజియం చూడండి. విక్టోరియా జూబిలీ మ్యూజియం అని 1887లో శంకుస్థాపన చేసింది. 1921లో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా చూపించిన చోటు. ఏళ్ల తరబడి మూతపడి ఉండి, బాగుచేశాక 2020లో తెరిచారు. అది సర్కారుది కాబట్టి సాధ్యమైంది. అదే 1921లోనే మా ఊళ్లో మారుతి టాకీస్ వచ్చింది, తెలుగునాట మొదటి సినిమా హాళ్లలో ఒకటి. ప్రైవేటు హాళ్లు ఒక్కొక్కటీ పోతుంటే ఆపే దారి ఎవరికీ కనపడలేదు.

వాటాదారు గారికి ఒక్క మాట. రోడ్డు వెడల్పుకి స్థలం ఇచ్చినవాళ్లకి టీడీఆర్ బాండ్లు ఇస్తారు కదా, అంటే ఆ కట్టుకునే హక్కు ఇంకోచోట వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. వారసత్వ కట్టడం నిలిపినవాళ్లకీ అలాంటి హక్కు ఇచ్చే పద్ధతి ఉంది. కానీ ముందు ఆ కట్టడాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించాలి. మన ఊళ్ల చిక్కంతా అక్కడే. గుళ్లూ కోటలూ జాబితాకెక్కుతాయి. గోడౌన్‌ని ఎవరు రాస్తారు?

మూడోలైను_కుర్రాడు

నల్లపాడు అక్కా, మీరు రాసింది రాత్రి రెండుసార్లు చదివాను. నేను ముందు హాలు గురించి ఆలోచించి, అందులో కూర్చున్నవాళ్ల బాకీ గురించి ఆలోచించలేదు. అది నా తప్పే.

ముంబై మిల్లుల సంగతి చదివితే నాకు మీ మాటే గుర్తొచ్చింది. 1982 సమ్మె తర్వాత మిల్లులు మూతపడ్డాయి. 1991లో మిల్లు స్థలం మూడు భాగాలు చేసి, ఒకటి నగరానికి, ఒకటి ఇళ్లకి, ఒకటి యజమానికి అని నిబంధన పెట్టారు. 2001లో ఖాళీగా ఉన్న స్థలానికే ఆ లెక్క అని మార్చేశారు. నగరానికీ ఇళ్లకీ రావాల్సిన వాటా కరిగిపోయింది. అంటే కూల్చినంత మాత్రాన డబ్బు కార్మికుడి దాకా వస్తుందని నమ్మకం లేదక్కా. కూల్చాక అడగడానికి గేటు కూడా ఉండదు.

నల్లపాడు_రోడ్డు

గేటు ఉన్న ఇరవై ఏళ్లూ ఎవరిని అడిగాం తమ్ముడూ? ఎవరు పలికారు?

వాటాదారు

అమ్మా, నేను పలుకుతున్నాను.

కంపెనీ నడిపింది మా పెదనాన్నగారు. మూసేటప్పటికి నేను ఉద్యోగం మీద నాగపూర్‌లో ఉన్నాను. ఎవరికి ఎంత ఇచ్చారో, ఇవ్వలేదో నాకు చెప్పినవాళ్లు లేరు. బాకీ గురించి మిగతా ఆరుగురి తరఫున నేను మాటివ్వలేను. నా వాటా వరకు లెక్క తేలితే తప్పించుకోను.

ఒప్పందం రద్దు చేయడం నా చేతిలో లేదు. ముందు హాలు ఉంచి వెనక కట్టుకోవచ్చేమోనని బిల్డర్ని అడుగుతాను. ఒప్పుకుంటాడని ఆశ పెట్టుకోకండి.

కానీ ఇక్కడ రాయాల్సింది ఒకటుంది. ఆఫీసు గదిలో రెండు ఇనుప బీరువాలున్నాయి. కోర్టు కమిషనర్ వచ్చినప్పుడు తెరిచారు. ఒకదానిలో హాజరు పుస్తకాలు. కింది అర చెదలు తినేసింది, పై రెండు అరలు బాగానే ఉన్నాయి. సామాను తీసేటప్పుడు వాటిని పాత కాగితాలతో పాటు తూకానికి వేసేద్దామనుకున్నాం. ఇప్పుడు వేయను. ఆదివారం పొద్దున ఏడింటికి గేటు తీస్తాను.

సున్నం_ఇటుక

నేను వస్తాను. టేపు, కెమెరా తెస్తాను. హాలు ఉన్నా పోయినా కొలతలతో డ్రాయింగు గీసి పెడదాం. చెదలు పట్టిన పుస్తకాలు గబుక్కున తెరవకండి, పేజీలు విరిగిపోతాయి. కింద అట్ట పెట్టి ఎత్తాలి. ఎవరూ ప్లాస్టిక్ సంచుల్లో కట్టొద్దు, చెమ్మ పడుతుంది.

మిషిగన్_గుంటూరోడు

పేజీలన్నీ ఫొటో తీయడానికి అయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను. మూడోలైను తమ్ముడూ, నాకు విడిగా మెసేజ్ పెట్టు.

నల్లపాడు_రోడ్డు

అమ్మకి ఇప్పుడే చదివి వినిపించాను. ఆదివారం తనూ వస్తానంటోంది, ఆటో మాట్లాడాలి. అప్పట్లో సంతకం రాదు, వేలిముద్ర వేసేదట. మేస్త్రీ ఊదా రంగు సిరా డబ్బా పట్టుకుని వరసల్లో తిరిగేవాడట. టోకెన్ నంబరు 212. ఎవరికి ముందు దొరికినా ఆ పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.