ఊళ్లో టవర్ వచ్చింది, అమ్మ ఫోన్‌కి మాత్రం సిగ్నల్ లేదు, ఏం చెయ్యాలి?

అడిగినవారు:
నమస్తే అందరికీ. మాది హుకుంపేట అవతల కొండ మీద ఊరు, నేను వైజాగ్‌లో పనిచేస్తున్నా. మొన్నటిదాకా మా ఊళ్లో సిగ్నలే లేదు, అమ్మ ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పనసచెట్టు కొమ్మకి కట్టేది, అక్కడొక్కచోటే ఒక గీత వచ్చేది, రింగయితే మిరియాల తోటలోంచి పరిగెత్తుకొచ్చేది. ఇప్పుడు ఊళ్లోనే 4జీ టవర్ పెట్టారు. పిన్ని కొడుకు ఫోన్లో వీడియోలు కూడా వస్తున్నాయంట, అమ్మ దగ్గర అదే కంపెనీ సిమ్ ఉన్నా ఏమీ రావట్లేదు. గ్యాస్ బండి మలుపు దాకానే వస్తుంది, ఫోన్‌కొచ్చిన కోడ్ చెప్తేనే బండ ఇస్తారు, పోయిన నెల కోడ్ రాక ఖాళీ బండ మోసుకుని వెనక్కొచ్చింది. చాలా బాధేసింది.

జవాబు 1:
*99# ట్రై చెయ్యండి బ్రో, నెట్ లేకపోయినా బ్యాంకు పనులవుతాయి.

జవాబు 2 (నర్సీపట్నం, మొబైల్ షాపు):
దానికి నెట్ అక్కర్లేదు గానీ సిగ్నల్ కావాలి కదండీ, పైగా ఆయన అడిగేది గ్యాస్ కోడ్ గురించి. తమ్ముడూ, అమ్మ ఫోన్ ఏది? పాత 2జీ కీప్యాడ్ అయితే 4జీ మాత్రమే ఉన్న టవర్‌ని అది పట్టుకోలేదు, టవర్ పక్కన నిలబడ్డా అంతే.

అడిగినవారు:
కీప్యాడ్ కాదన్నా, నేను వాడిన పాత టచ్ ఫోనే ఇచ్చా, 4జీ అనే రాసుంది.

జవాబు 2:
4జీ అని ఉంటే చాలదు, బ్యాండ్ కలవాలి, అంటే టవర్ ఏ తరంగాల మీద నడుస్తుందో ఫోన్ కూడా వాటినే అందుకోగలగాలి. 2022 జూలైలో కేంద్రం సిగ్నల్ లేని 24,680 ఊళ్లకి 4జీ ఇవ్వాలని నిర్ణయించింది, ఆ స్కీం టవర్లు ఎక్కువగా 700 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, అంటే బ్యాండ్ 28. కొండల్లో, చెట్ల మధ్య సిగ్నల్ దూరం దాకా పోతుందని అది పెడతారు. పాత ఫోన్లు చాలావాటిలో అది ఉండదు. ఫోన్ మోడల్ నంబర్ కొట్టి స్పెసిఫికేషన్లలో ఎల్‌టీఈ (అంటే 4జీ) బ్యాండ్స్ దగ్గర 28 ఉందో లేదో చూడు. ఇంకా సులువు, అమ్మ సిమ్ తీసి మీ పిన్ని కొడుకు ఫోన్లో వెయ్యమను. అందులో పనిచేస్తే తప్పు ఫోన్‌ది, అందులోనూ రాకపోతే అది పాత 3జీ సిమ్ అయ్యుండొచ్చు, 4జీ సిమ్‌కి మార్చుకోవాలి, నంబర్ అదే ఉంటుంది. మార్చాక సెట్టింగ్స్‌లో వోల్టీ (4జీ మీదే కాల్స్ వెళ్లే సదుపాయం) ఆన్‌లో ఉందో చూడు, లేకపోతే నెట్ వస్తుంది కాల్స్ రావు.

అడిగినవారు:
వేసి చూశారన్నా, అందులోనూ రాలేదు. సిమ్ చాలా పాతది, నాన్న పేరు మీదుంది, నాన్న పోయి రెండేళ్లయింది.

జవాబు 3:
అయ్యో. అలాగైతే ముందు పేరు మార్పించండి. డెత్ సర్టిఫికెట్, అమ్మ ఆధార్ పట్టుకుని కంపెనీ కస్టమర్ సెంటర్‌కి అమ్మనే తీసుకెళ్లాలి, మా పెద్దమ్మకి ఇలాగే చేయించాం, నంబర్ పోలేదు. ఈలోపు రీఛార్జ్ ఆపకండి, 90 రోజులు వాడకం లేకపోతే నంబర్ తీసేసే వీలుంది, బ్యాలెన్స్ కనీసం 20 రూపాయలు ఉంచండి. గ్యాస్‌కి మాత్రం ఏజెన్సీలో అడిగి ప్రస్తుతానికి మీ నంబర్ ఎక్కించండి, కోడ్ మీకొస్తుంది, బండి వచ్చినప్పుడు పిన్ని కొడుకు ఫోన్‌కి చెప్పేయొచ్చు.

అడిగినవారు:
ఇది నాకు తట్టనేలేదు అక్కా. ఫోన్ బ్యాండ్ కూడా చూశా, 28 లేదు, అంటే రెండూ మార్చాలి. సోమవారం సెలవు పెట్టి అమ్మని పాడేరు తీసుకెళ్తున్నా, డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ కాదు, ఒరిజినల్ కూడా పట్టుకెళ్తా.