సత్రం పెత్తనం ఎవరిది? వారసులదా, ఊరి కమిటీదా?

కావలి_కుర్రోడు:
మాది కావలి దగ్గర పల్లె. మా ముత్తాత బాటసారులకు అన్నం పెట్టడానికి సత్రం కట్టించి, దాని ఖర్చుకు మాగాణి రాసిచ్చారు. దానపత్రం రిజిస్టరైంది, నా తర్వాత నా వంశంలో పెద్దవాడు చూసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. నాన్న పోయాక చిన్నాన్న కొడుకులు మాకూ హక్కుందని కూర్చున్నారు. ఈలోపు ఊళ్లో కొందరు కమిటీ వేసి, సొసైటీగా రిజిస్టర్ చేయించుకుని, కౌలు డబ్బులు వాళ్లే వసూలు చేస్తున్నారు. పొయ్యి వెలగడం మాత్రం ఆగిపోయింది. నెల్లూరు కోర్టులో దావా వేద్దామనుకుంటున్నా. సరేనా?

నెల్లూరు_వకీలు:
తొందరపడొద్దు తమ్ముడూ. మన రాష్ట్రంలో పబ్లిక్ ధర్మసంస్థలకు 1987 దేవాదాయ చట్టం వర్తిస్తుంది. గుళ్లకే అనుకుంటారు గానీ, నలుగురి కోసం పెట్టిన సత్రాలూ దాని కిందకే వస్తాయి, శాఖలో రిజిస్టర్ కాకపోయినా సరే. సంస్థ పబ్లిక్‌దా ప్రైవేటుదా, ఫలానా భూమి దానిదా కాదా లాంటి తగాదాలు 87వ సెక్షన్ కింద ఎండోమెంట్స్ ట్రిబ్యునల్, అంటే దేవాదాయ తగాదాల కోసం పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం తేల్చాలి. అలాంటివాటికి సివిల్ కోర్టుకు వెళ్తే 151వ సెక్షన్ అడ్డం వస్తుంది, దావా చెల్లదని అవతలివాళ్లు ఆ ఒక్క పాయింటు మీదే ఏళ్ల తరబడి సాగదీస్తారు.

ఇక దానపత్రంలో రాసిన వంశపారంపర్యం సంగతి. ఆ హక్కును 16వ సెక్షన్ రద్దు చేసింది. దాని మీద కొందరు సుప్రీంకోర్టుకు వెళ్తే 1996లో పన్నాలాల్ కేసులో రద్దు చెల్లుతుందంటూనే, స్థాపకుడి కుటుంబాన్ని పూర్తిగా బయటకు నెట్టకుండా ధర్మకర్తల బోర్డులో చోటివ్వాలంది. 2007 సవరణ తర్వాత స్థాపకుడి కుటుంబ సభ్యుడిగా అధికారి గుర్తింపు తెచ్చుకోవడమే దారి. కాబట్టి నువ్వూ నీ చిన్నాన్న కొడుకులూ ఎవరు పెద్ద అని కొట్టుకుంటే లాభం లేదు, వంశవృక్షం పెట్టుకుని గుర్తింపుకు అర్జీ పెట్టండి.

కావలి_కుర్రోడు:
మరి కమిటీ వాళ్ల దగ్గర సొసైటీ సర్టిఫికెట్ ఉంది కదన్నా?

నెల్లూరు_వకీలు:
అది వాళ్ల సొసైటీకే. సత్రం ఆస్తి మీద దానితో హక్కు రాదు. లెక్కలు ఎవరికి చూపిస్తున్నారో రాతపూర్వకంగా అడుగు.

దర్శి_మామ:
అబ్బయ్యా, వకీలు గారు చెప్పింది పక్కా. నా మాట కూడా విను. మా వైపు ఒక సత్రానికి ఇలాగే అన్నదమ్ములు తగాదా పడుతుంటే, భూమిని ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మేశారు. కొన్నవాళ్లు ఇళ్లు కట్టుకున్నాక ఎవరు ఏం చేయగలరు? ఎవరు ధర్మకర్త అన్నది నిదానంగా తేలుతుంది, భూమి పోతే సత్రమే ఉండదు. అందుకే ముందు భూమి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దానపత్రం సర్టిఫైడ్ కాపీ, ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే పత్రం) తీయించు. ఆ సర్వే నంబర్లు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉన్నాయో లేదో చూడు, లేకపోతే ఎక్కించమని దేవాదాయ శాఖ అసిస్టెంట్ కమిషనర్‌కు అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు దాచుకో. కమిషనర్ అనుమతి లేకుండా అమ్మితే అది చెల్లదని దేవాదాయ చట్టం 80వ సెక్షన్ చెప్తుంది గానీ, అమ్మాక తిప్పడం కంటే అమ్మకుండా ఆపడం తేలిక. కౌలు కూడా బహిరంగ వేలంలోనే ఇవ్వాలని అడుగు.

కావలి_కుర్రోడు:
శాఖను పిలిస్తే వాళ్ల కార్యనిర్వహణాధికారిని (ఈఓ) వేసి మమ్మల్ని పక్కన పెడతారని ఇంట్లో అమ్మకు టెన్షన్.

దర్శి_మామ:
పెట్టినా పెట్టొచ్చు, అబద్ధం చెప్పను. కానీ నీ ముత్తాత ఆ భూమి రాసిచ్చింది ఆకలితో వచ్చినవాడికి. అన్నం పెట్టడం మొదలైతే ఈఓ చేతుల మీదుగా పెట్టినా నాకు సమ్మతమే, నీకూ సమ్మతం కావాలి. రేపే అర్జీ పెట్టు, చిన్నాన్న కొడుకుల సంతకాలు కూడా దాని మీదే తీసుకో.