ఇళ్ల పట్టాల జాబితా అడిగితే "వ్యక్తిగతం" అంటున్నారు, ఇదేం న్యాయం?

గట్టుమీద పిట్ట
మా ఊరి లేఅవుట్‌లో ఇళ్ల స్థలాలు ఎవరెవరికి ఇచ్చారో జాబితా కావాలని తహసీల్దార్ ఆఫీసులో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) అర్జీ పెట్టాను. మండల స్థాయి కాబట్టి ఫీజు 5 రూపాయలే, తిరగడానికి పెట్రోలుకి మాత్రం 100 అయ్యింది. ఇరవై తొమ్మిదో రోజు జవాబొచ్చింది: "వ్యక్తిగత సమాచారం, సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వలేము." అంతే, ఒక్క లైను. ఇదివరకు ఇదే సెక్షన్‌లో ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చనీ, అసెంబ్లీకి కాదనలేనిది మామూలు మనిషికీ కాదనకూడదనీ ఉండేది. 2023 డేటా రక్షణ చట్టంతో ఆ రెండు మాటలూ ఎగిరిపోయాయి. సర్కారు భూమి పంచి, ఎవరికి పంచారో చెప్పకపోవడం గోప్యత ఎలా అవుతుంది?

పాత రిజిస్టర్
పదకొండేళ్లుగా పంచాయతీ కార్యదర్శిగా చేస్తున్నాను, నా మాట కూడా వినండి. ఒకాయన ఏడాదిలో మా పంచాయతీకి 40కి పైగా అర్జీలు పెట్టాడు (గ్రామ స్థాయిలో అసలు ఫీజే లేదు కదా). పదేళ్ల వీధిదీపాల బిల్లులు, నా సెలవు చీటీలు, చివరికి నేను ఇల్లు ఎక్కడ కట్టుకుంటున్నానో కూడా కావాలట. రాత్రి పదింటిదాకా జిరాక్సులు తీసి పెడితే తీసుకోవడానికి రాలేదు, "సార్, ఓసారి కూర్చుని మాట్లాడుకుందాం" అని ఫోన్ వచ్చింది. దేనికో మీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆఫీసులో అడుగుపెట్టే ప్రతివాడూ ముందు ఫోన్‌లో వీడియో ఆన్ చేస్తున్నాడు. తప్పు చేసినవాడికే భయం అంటారు గానీ, ఏ తప్పూ చేయని నాకు బీపీ వచ్చింది.

చెరువు మట్టి
కార్యదర్శిగారూ, మీ బాధ అబద్ధం అనను. కానీ ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి, గుర్తుందా? మా అమ్మ ఆ పనికి వెళ్లేది. తనిఖీ పిల్లలు మస్టరు (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వచ్చి, "ఈ వారం ఆరు రోజులూ వెళ్లావా అమ్మా" అని అడిగేవాళ్లు. మా వీధిలో పోయి ఏడాదైన తాతకి కూడా ఆరు రోజుల కూలి రాసి ఉంది. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అదంతా మైకులో చదివారు. పేర్లు లేకుండా "ఇంతమంది, ఇన్ని లక్షలు" అని చదివితే అక్కడ కూర్చున్నవాళ్లకి ఏం అర్థమయ్యేది? తాత పేరు వినబడబట్టే కదా జనం లేచింది.

మందుల చీటీ
అన్నీ పేర్లతో గోడకి అంటించాలనేవాళ్లకి ఒక ప్రశ్న. ఆంధ్రాలో డయాలసిస్ వాళ్లకి, ఏఆర్‌టీ మందులు వాడే హెచ్‌ఐవీ వాళ్లకి కూడా పింఛను ఉంది. ఆ జాబితా ఊరి వాట్సాప్ గ్రూపులో పడితే ఆ ఇంటి పిల్లకి సంబంధం ఎవరు తెస్తారు? నేను అలాంటి సెంటర్లో పనిచేస్తాను. తెలిసినవాళ్లు చూస్తారేమోనని దగ్గర్లో ఆసుపత్రి ఉన్నా వదిలేసి, రెండు బస్సులు మారి మా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు.

గట్టుమీద పిట్ట
ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. కానీ దానికి సెక్షన్ 10 ఉంది కదండీ, ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వమని. జబ్బు దాచండి, ఆధార్ దాచండి, ప్లాటు ఎవరిదో దాచడం దేనికి? పైగా 8(2) అలాగే ఉంది, జరిగే హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని. ఆ సంగతి మాత్రం జవాబులో రాయరు.

బస్టాండ్ టీ
మనం వీఆర్వో ముఖం మీద కెమెరా పెట్టి హీరోలమైపోతున్నాం. పార్టీలకి చందాలిచ్చే ఎలక్టోరల్ బాండ్లు ఎవరు కొన్నారో, ఏ పార్టీ తీసుకుందో తెలియడానికి 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఆగాల్సి వచ్చింది, అంటే పథకం వచ్చిన ఆరేళ్లకి. చీఫ్ జస్టిస్ ఆఫీసు కూడా ఆర్టీఐ కిందికి వస్తుందని తేలడానికి 2019 దాకా పట్టింది. నిలదీసేదంతా కిందిమెట్టు వాడినే అన్నా.

పాత రిజిస్టర్
అదీ నిజమే. సరే పిట్టగారూ, జవాబు అందిన రోజు నుంచి మొదటి అప్పీలుకి 30 రోజులే గడువు, ఇక్కడ వాదిస్తూ కూర్చోకండి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ప్లాటు నంబరు, పట్టా తేదీ, ఇంతవరకే చాలని రాయండి. ఆధార్, ఫోన్ నంబర్లు వద్దని మీరే రాసేయండి, సాకు దొరకదు. ఒక్క లైనే అన్నారు కాబట్టి అడుగుతున్నా, అప్పీలు ఎవరికి చేసుకోవాలో ఆ కాగితంలో ఉందా? లేకపోతే అదీ తప్పే, అప్పీల్లో పెట్టండి. అప్పీలు ఇచ్చేటప్పుడు మీ దగ్గరుంచుకునే కాపీ మీద అందినట్టు సీలు వేయించుకోవడం మరిచిపోకండి, అడక్కపోతే మేము వేయం.