ఓటరు అవగాహన అంటే "ఏ పార్టీ?" అంటున్నారు, ఎలా నమ్మించాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. మాది నల్గొండ దగ్గర ఊరు. ఏడుగురం కలిసి వచ్చే అసెంబ్లీ ఎన్నికలకు అభ్యర్థుల వివరాలు ఇంటింటికీ చెప్పాలనుకున్నాం. మొదటి ఇంట్లోనే ఒక పెద్దాయన "ఎవలు పంపిన్రు బిడ్డా మిమ్మల్ని?" అన్నారు. మాకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు. జనం నమ్మేదెలా?

జవాబు:
తమ్ముడూ, ఆయన అడిగింది న్యాయమే. ఎన్నికలప్పుడు గడప తొక్కేవాళ్లను ఎవరో ఒకరు పంపే ఉంటారు కదా. అందుకే ముందు ఓటరు జాబితా పట్టుకుని వెళ్లండి. పేరు లేనివాళ్లకు ఫారం 6, ఇల్లు మారినవాళ్లకు, తప్పులున్నవాళ్లకు ఫారం 8 నింపిపెట్టండి. 17 నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఓటరు కార్డు ఉంటే చాలనుకుంటారు చాలామంది. జాబితాలో పేరు లేకపోతే కార్డు చూపించినా ఓటు వేయనివ్వరు. ఒక్క అవ్వ పేరు తిరిగి ఎక్కించి చూడండి, ఆ వాడంతా మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడుతుంది.

అభ్యర్థుల సంగతికొస్తే, నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ ఉంటాయి. ఇది ఊరికే రాలేదు. అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు 1999లో ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) అనే సంస్థ పేరుతో కోర్టుకెక్కితే, ఆ వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కని 2002 మే 2న సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని నీరుగార్చే సెక్షన్‌ను చట్టంలో పెడితే 2003లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నూ కొట్టేసింది.

మా కాలనీలో మేం చేసిన తప్పు మీరు చేయకండి. కాగితంలో చోటు చాలదని ఇద్దరు అభ్యర్థుల వివరాలే వేశాం. ఒక స్వతంత్ర అభ్యర్థి మనుషులొచ్చి నిలదీశారు, మా దగ్గర సమాధానం లేదు. అందరి పేర్లూ ఒకే పట్టికలో, బ్యాలెట్‌లో ఉన్న వరుసలో, అఫిడవిట్‌లో ఉన్న మాటల్లోనే వేయండి. పెండింగ్ కేసును నేరమని రాయొద్దు.

అడిగినవారు:
థాంక్స్ అన్నా. కాగితాలు పంచితే ఇబ్బంది అవుతుందా? దాని గురించే టెన్షన్.

మరో జవాబు (ఎన్నికల డ్యూటీలు చేసిన టీచర్‌ను):
పంచొచ్చు బాబూ. ఎన్నికల కరపత్రం మీద ప్రింటర్, పబ్లిషర్ పేర్లు, చిరునామాలు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ చెబుతోంది. మీది అవగాహన కాగితమే అయినా వేయించండి. పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందే పంచడం ఆపేయండి. పోలింగ్ రోజు కేంద్రానికి 100 మీటర్ల లోపల ఆ కాగితం చేతిలో కూడా ఉంచుకోవద్దు. ప్రింటింగ్ ఖర్చు మాత్రం మీ ఏడుగురే పెట్టుకోండి, సర్పంచ్‌గారు ఇస్తానన్నా సరే.