చిన్న పత్రిక సైటుకి వర్డ్‌ప్రెస్సా, డాట్‌నెట్టా? హోస్టింగ్ ఖర్చు దేనికి తక్కువ?

పల్నాటి_పాఠకుడు:
మాది నరసరావుపేటలో చిన్న సాహిత్య సంస్థ. నెలనెలా పత్రిక తెస్తాం. కథలు, సీరియల్సు, పాత సంచికల పీడీఎఫ్‌లు సైటులో పెడతాం. సైటు మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత ఏఎస్‌పీ డాట్‌నెట్ వెబ్ ఫామ్స్‌లో రాసింది, విండోస్ హోస్టింగ్ (సైటుని ఉంచే అద్దె సర్వర్). ఇప్పుడు రెన్యువల్ బిల్లు మొదటి ఏడాది కట్టినదానికి రెట్టింపు పైన వచ్చింది, మళ్లీ దాని మీద 18 శాతం జీఎస్టీ. కమిటీలో సగం మంది వర్డ్‌ప్రెస్‌కి (కోడ్ రాయకుండా సైటు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) మారదాం అంటున్నారు. సైటు చేసిపెట్టిన అబ్బాయి కొత్త డాట్‌నెట్‌లో తిరగరాస్తానంటున్నాడు, అలా చేస్తే ఖర్చు తగ్గుతుందట. ఏది మేలు?

సౌమ్య_వెబ్:
వర్డ్‌ప్రెస్, ఇందులో ఆలోచించడానికేం లేదు. 2003 నుంచి ఉంది. ప్రపంచంలో ఉన్న సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి. చాలా సైట్లు ఒకే సర్వర్‌ని పంచుకునే మామూలు లైనక్స్ షేర్డ్ హోస్టింగ్ చాలు. లైనక్స్ ఉచితం కాబట్టి విండోస్ లైసెన్సు భారం ఉండదు, ఎస్‌ఎస్‌ఎల్ (సైటు భద్రతా సర్టిఫికెట్) లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి ఉచితంగా వస్తుంది. మీ సంపాదకుడు ఎవరినీ అడక్కుండా తనే కథ టైపు చేసి పబ్లిష్ నొక్కుతారు.

డాట్‌నెట్_రాజు:
సౌమ్య గారూ, విండోస్ లైసెన్సు మాట పాతబడింది. 2016లో డాట్‌నెట్ కోర్ వచ్చినప్పటి నుంచి లైనక్స్ మీద నడుస్తుంది, దాని సోర్సు కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. నెలకు 5, 6 డాలర్ల వీపీఎస్ (మనకే విడిగా ఇచ్చే చిన్న అద్దె సర్వర్) తీసుకుని పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్ పెట్టుకుంటే డేటాబేస్‌కి పైసా కట్టక్కర్లేదు. వెబ్ ఫామ్స్‌ని మాత్రం అక్కడికి తీసుకెళ్లలేం. అది విండోస్ మీదున్న పాత ఫ్రేమ్‌వర్క్‌కే పరిమితం. అందుకే ఆ అబ్బాయి తిరగరాయాలంటున్నాడు, సరిగ్గానే చెప్పాడు.

ఇంకో సంగతి. మీరు సీరియల్సు వేస్తారు కదా. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షికతో పోస్టు పెట్టి చూడండి. లింకులో పట్టేది 200 అక్షరాలే. తెలుగులో ఒక్కో గుర్తూ, గుణింతమూ పొల్లూ కూడా విడిగానే లెక్క, లింకులో అది కోడ్‌గా మారి (‘క’ అయితే %E0%B0%95) శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలు తింటుంది. అంటే 22 గుర్తులకే లింకు తెగిపోతుంది. ‘పల్నాటి వీరుల గుడిలో కార్తీక అమావాస్య ఉత్సవం’ అని పెడితే లింకు ‘పల్నాటి-వీరుల-గుడిలో-కార’ దగ్గర ఆగుతుంది. అదే మొదలుతో రెండో వ్యాసం వస్తే దానికి చివర 2 అని తగిలిస్తుంది. పొడుగు పేరున్న సీరియల్‌కి పదో భాగం ఏదో లింకు చూసి చెప్పలేరు.

సౌమ్య_వెబ్:
దీనికింత వ్యాసమా? లింకు పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేరు కొడితే అయిపోయింది.

డాట్‌నెట్_రాజు:
ప్రతి పోస్టుకీ గుర్తుపెట్టుకుని ఎవరు కొడతారు? సంపాదకుడు ఎవరినీ అడక్కుండా తనే పబ్లిష్ నొక్కుతారని ఇందాక మీరే అన్నారు.

కందిపొడి:
రెండూ వద్దు. హ్యూగో అనే ఉచిత సాధనంతో డేటాబేస్ లేని స్టాటిక్ సైటు చేసి, గిట్ ద్వారా గిట్‌హబ్ పేజెస్‌లోకి ఎక్కించండి. హోస్టింగ్ సున్నా.

పల్నాటి_పాఠకుడు:
మా సంపాదకులకి డెబ్బై దాటాయండి. గిట్ నేర్పడం నా వల్ల కాదు.

డాట్‌నెట్_రాజు:
పైగా గిట్‌హబ్ పేజెస్‌లో సైటు 1 జీబీ దాటకూడదు. స్కాన్ చేసిన పాత సంచికలు అందులో పట్టవు.

సౌమ్య_వెబ్:
తెలుగు గురించి మీరు మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతా. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్‌లో తెలుగు పట్టని మామూలు వార్‌చార్ కాలమ్ పెట్టి, కథ పేరు మొత్తం ప్రశ్నార్థకాలుగా మార్చిన డాట్‌నెట్ సైట్లు ఎన్ని చూడలేదు? అలా సేవ్ అయిన అక్షరం మళ్లీ రాదు. లింకు తెగితే కనీసం కథ మిగులుతుంది.

డాట్‌నెట్_రాజు:
అది తెలుగు పట్టే ఎన్‌వార్‌చార్ కాలమ్ వాడటం రానివాడి తప్పు, ప్లాట్‌ఫామ్‌ది కాదు. లెక్క అలాగైతే వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్లు (అదనపు సదుపాయాలిచ్చే చిన్న ప్రోగ్రాములు) చూడండి. వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీ, దాని 7.4 వెర్షన్‌కి సపోర్టు 2022 నవంబరులో ఆగిపోయింది. హోస్టింగ్ వాళ్లు 8కి మార్చగానే పాత థీములూ ప్లగిన్లూ ఎర్రర్లు పెట్టాయి. ఆ రాత్రి కూర్చుని సరిచేసినవాళ్ల టైము మీ చవక హోస్టింగ్ లెక్కలోకి వస్తుందా?

నల్లరేగడి:
అన్నా, సైటుకి రోజుకి ఎంతమంది వస్తారో ఎవరూ అడగలేదు.

సౌమ్య_వెబ్:
రాజు గారూ, ఇప్పుడు అసలు విషయం చెబుతా. మా అమ్మ పనిచేసిన సంగీత పాఠశాలకి ఒకాయన ఇలాగే సొంతంగా కోడ్ రాసి సైటు చేశాడు. మంచివాడే. విదేశం వెళ్లిపోయాడు. డొమైన్ (సైటు చిరునామా పేరు) ఆయన సొంత మెయిల్ మీద ఉంది, రెన్యువల్ నోటీసులు ఆ మెయిల్‌కే వెళ్లాయి. గడువు దాటి పేరు వేరేవాళ్ల చేతికి పోయింది. ఆ కోడ్ తెరిచి చూస్తే ఎవరికీ అర్థం కాలేదు. పిల్లల కచేరీ ఫొటోలన్నీ పోయాయి. మీరు లైనక్సు, పోస్ట్‌గ్రెస్ అంటుంటే నాకు అదే కనిపిస్తోంది. వర్డ్‌ప్రెస్ అయితే మీరు కాకపోతే ఇంకొకరు, నరసరావుపేటలోనే దొరుకుతారు. ఒక్క మనిషి మీద ఆధారపడి సంస్థ నడవకూడదు.

డాట్‌నెట్_రాజు:
డొమైన్ ఆయన పేరు మీద పెట్టుకుంటే ఎవరు ఊరుకున్నారు? పాఠశాల వాళ్లే కదా. ఉచితంగా చేయించుకుంటారు, కార్డు కూడా అతనిదే వాడిస్తారు, తర్వాత మోసం అంటారు.

నేనూ చెబుతాను. మా ఊరి గుడి కమిటీకి ఏళ్ల తరబడి సైటు చూశాను. బ్రహ్మోత్సవాల ముందు రోజు అర్ధరాత్రి ఫోన్ చేసి పూజల పట్టిక మార్చమనేవారు. రూపాయి తీసుకోలేదు. చివరికి మీటింగులో ‘హోస్టింగ్ ఎక్కువవుతోంది, రాజు ఏదో దాస్తున్నాడు’ అన్నారు. నా ఆదివారాలు లెక్కలోకి రాలేదు. సర్వర్ బిల్లు మాత్రం వచ్చింది. అందుకే ఇక్కడ మూడు రోజుల నుంచి అందరూ హోస్టింగ్ రేటు మాట్లాడుతుంటే ఒళ్లు మండుతోంది. అంత తేడా ఉన్న రేట్లు కావు ఇవి.

సౌమ్య_వెబ్:
నేను మోసం అన్న మాట వాడలేదు. ఆయన మంచివాడు అనే రాశాను. మీ కమిటీ వాళ్ల మీద కోపం నా మీద చూపించకండి.

కందిపొడి:
ఇద్దరూ ఒకే సంగతి చెబుతున్నారు. సైటు చూసే మనిషికి డబ్బులివ్వాలి, తాళాలు సంస్థ దగ్గరుండాలి.

డాట్‌నెట్_రాజు:
ఒకే సంగతి కాదు. ఆవిడ మనిషిని మార్చుకునే వీలు కావాలంటున్నారు. ఆ మనిషిని ముందు సరిగ్గా చూసుకోండి అని నేనంటున్నాను.

సౌమ్య_వెబ్:
ఒప్పుకుంటాను, ఇది వేరే. కానీ డబ్బులిచ్చినా మనిషి వెళ్లిపోతాడు. ఉద్యోగం మారతాడు, ఆరోగ్యం బాగుండదు. అప్పుడు కూడా పత్రిక ఆగకూడదు కదా.

పల్నాటి_పాఠకుడు:
ఇవాళ చూశాను. మా డొమైన్ కూడా ఆ అబ్బాయి సొంత మెయిల్ మీదే ఉంది. ఫోన్ చేస్తే వెంటనే మారుస్తానన్నాడు, సంస్థ పేరుతో మెయిల్ తెరవమన్నాడు. నెలకి ఎంతిమ్మంటావు అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదట.

డాట్‌నెట్_రాజు:
అంకె ఎంత చెప్పాడు?

పల్నాటి_పాఠకుడు:
ఇంకా చెప్పలేదండి. ఆలోచించి చెబుతానన్నాడు. వర్డ్‌ప్రెస్ కొటేషన్ ఇచ్చిన ఇద్దరి కాగితాల్లోనూ ఏడాది పొడుగునా ఎవరు చూస్తారో లేదు. అది రాసి ఇమ్మని ముగ్గురినీ అడుగుతున్నాను. ఆదివారం కమిటీ ఉంది. ఈలోగా, సౌమ్య గారూ, సీరియల్ లింకులు తెగకుండా వర్డ్‌ప్రెస్ తనంతట తనే చిన్న పేరు పెట్టేలా చేయొచ్చా?

సౌమ్య_వెబ్:
చేయొచ్చు. సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్‌కి (లింకుల రూపం ఎంచుకునే చోటు) వెళ్లి పేరు బదులు పోస్టు నంబరు వచ్చేలా పెట్టండి. కథలు ఎక్కించకముందే పెట్టండి, తర్వాత మారిస్తే బయట పంచుకున్న లింకులు చెడొచ్చు.

డాట్‌నెట్_రాజు:
నంబరు పెడితే సరిపోతుంది. పాత సైటు లింకు నొక్కినా కొత్త పేజీకే చేర్చే రీడైరెక్టులు ఎవరు రాస్తారో అది కూడా ఆ కాగితంలో రాయించండి.