అప్‌డేట్: హోప్ ఐలాండ్ దగ్గర లంగరు పట్టింది

ఇదివరకు అడిగాను కదండీ, కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ లోపలి వైపు మా బావ సెయిల్ బోటుకి లంగరు వేస్తే పాటు (నీళ్ళు తీసే వేళ) తిరిగేసరికి బోటు జారిపోతోంది అని. ఇప్పుడు నిలబడిందండి. చాలామంది లంగరు బరువు పెంచమన్నారు గానీ అసలు సంగతి తాడు పొడవే. పాటులో లోతు 3 మీటర్లు, పోటుకి ఇంకో మీటరున్నర, నీళ్ళ పైనుంచి బోటు ముక్కు ఎత్తు ఒక మీటరు, మొత్తం అయిదున్నర, దానికి ఏడింతలు అంటే 38.5 మీటర్ల తాడు వదిలాం, లంగరు దగ్గర కొంత చైను కూడా వేశాం. తర్వాత ఇంజను రివర్సులో మెల్లగా లాగుతూ తాడు మీద చెయ్యి పెట్టాను, మొదట గరగరలాడింది, కాసేపటికి బిగుసుకుని గమ్మునైపోయింది, అంటే ఇసకలో దిగినట్టే. గట్టున ఒక సరుగుడు చెట్టూ దాని వెనక ఇంకోటీ ఒకే వరసలో పెట్టుకుని చూశాం, ఆ వరస చెదరలేదు, అంటే బోటు జారట్లేదన్నమాట (ఫోన్ యాప్ కన్నా ఇదే నయం). పోటుకి బోటు తిరిగినప్పుడు మాత్రం పక్క పడవలకి తగలకుండా అంత తాడుకీ సరిపడా ఖాళీ కావాలండోయ్. రాత్రికి తెల్ల లైటు పెట్టాం, వలల పడవలు తిరుగుతుంటాయి మరి. కోరంగి వైపు మెత్తటి బురదలో ఇదే లంగరు పనికొస్తుందా, ఎవరైనా వేసి చూశారా?